మిగిలిపోయిన ఎనిమిది పరకలు

మా అత్తగారితో ఇరవై ఆరేళ్ళలో నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడా చివరి రోజుదాకా నాతో మాట్లాడలేదు. ఒకరి ముఖం ఒకరం నిదానంగా చూసుకున్నది కూడా లేదు. మా మధ్య ఏదో గొడవ ఉందనుకుంటే పొరపాటు. పోట్లాడుకోవాలన్నా మాట్లాడుకోవాలి కదా. అమెరికాలో మా లకోటా తెగ వాళ్ళలో అల్లుడు అత్తగారికి, అత్తగారు అల్లుడికి ఇచ్చే మర్యాద అది. మరదలితో ఎంత సరసమైనా ఆడవచ్చు, నెత్తిన బకెట్టు నీళ్ళు కుమ్మరించినా ఎవరూ తప్పుపట్టరు. అత్తగారు ఎదురైతే మాత్రం టోపీ కిందికి లాక్కుని పక్కకు తప్పుకోవాలి. ఈ రోజుల్లో కుర్రాళ్ళు అత్తగార్లను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని జూదశాలకు తీసుకెళుతున్నారు. వాళ్ళ సంగతి వాళ్ళది. మా ఇంట్లో మాత్రం ఆ మర్యాద చివరిదాకా చెల్లింది. అంత బాగా చెల్లింది కాబట్టే ఎనిమిది పేర్లు మట్టిలో కలిసిపోయాయి.

నా ఉద్యోగమే గడ్డి. మా తెగ భూముల ఆఫీసులో పని. ఇనప చట్రం ఒకటి నేల మీద పడేసి, ఆ చట్రంలో ఏ గడ్డి ఎంత ఉందో రాసుకుంటూ కొండలూ లోయలూ తిరుగుతాను. ఏ బీడులో ఎన్ని పశువులను ఎన్ని నెలలు మేపవచ్చో దాన్నిబట్టి తేలుస్తారు. "క్లెమెంట్ ఎక్కడ?" అని ఎవరైనా అడిగితే "ఎక్కడో గడ్డి పీకుతుంటాడు" అంటారు ఆఫీసులో. అక్షరాలా నిజం కాబట్టి ఎదురు చెప్పడానికి లేదు.

ఆఫీసు వాళ్ళిచ్చిన పుస్తకంలో ప్రతి గడ్డికీ ఒక లాటిన్ పేరు, ఒక ఇంగ్లీషు పేరు, ఆవు దాన్ని ఇష్టంగా తింటుందా లేదా అన్న వివరం ఉంటాయి. ఆవు అభిప్రాయానికి గడి ఉంది. మా వాళ్ళు దాన్ని ఏమని పిలిచారో రాయడానికి గడి లేదు. నాకు మంటెత్తేది అక్కడే. మా అమ్మను చిన్నప్పుడు మిషన్ బడిలో వేశారు. లకోటా మాట వినబడితే నోట్లో సబ్బు పెట్టేవారు. ఆ నోటితో ఆమె నాకు ఇవ్వగలిగినవి వంటింటి మాటలు, తిట్లు, కాసిన్ని దీవెనలు. గడ్డి మాటలు ఇవ్వలేదు. నాకు తెలిసిందల్లా పెజి. గడ్డి మొత్తానికి కలిపి ఒకే మాట.

ఒకరోజు అన్నం దగ్గర ఇదంతా చెప్పి విసుక్కుంటే మా ఆవిడ లవీనా నవ్వింది.

"మా అమ్మకు తెలుసుగా అన్నీ. వాళ్ళ నాయనమ్మ దుప్పటి పరిచి, ఒక్కో పరక వరసగా పేర్చి నేర్పించిందంట. నలభై ఒకటి."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేంటి?"

"నువ్వెప్పుడడిగావు? అడగాలన్నా నీకు కుదరదాయె."

ఆ మాట నిజమే. మా అత్తగారు ఫిలమీన్ మా ఇంటి వెనకే, ముప్ఫై అడుగుల దూరంలో చిన్న ఇంట్లో ఉండేది. చక్కెర జబ్బుతో చూపు దాదాపుగా పోయింది. గడ్డిని వేళ్ళతో తడిమి, వాసన చూసి, ఒక్కోసారి కొరికి పోల్చుకునేది. లకోటాలో గడ్డి పేర్లన్నీ తెలిసిన మనిషి ఈ లోకంలో నాకు తెలిసి ఆవిడ ఒక్కతే. వాటిని రాసుకోవాలని తపించే మనిషిని నేనొక్కడినే. దేవుడికి హాస్యం ఎక్కువ. మా ఇద్దరినీ అత్తా అల్లుళ్ళను చేశాడు.

అలా రెండు వేసవులు గడిచాయి. అత్తగారికి వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన వాటా నేల ఒకటి, చిన్న తెల్లనది పక్కన వాలుగా ఉంటుంది. దానిమీద ఎప్పుడూ నాగలి పడలేదు. అత్తగారిని ట్రక్కు ముందు సీట్లో కూర్చోబెట్టి, తలుపు తెరిచి ఉంచేవాళ్ళం. నేను ట్రక్కు వెనకవైపు, ఆవిడకు కనబడకుండా నిలబడేవాడిని. నేను ఒక పరక కోసి లవీనాకు ఇస్తే, లవీనా అటు తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టేది. ఆవిడ పేరు చెప్పేది. పదడుగుల దూరంలో ఉన్న నాకు అది చక్కగా వినబడేది. అయినా లవీనా వెనక్కి నడిచొచ్చి మళ్ళీ చెప్పేది. అప్పుడు రాసుకునేవాడిని.

"ఒసేయ్, నీ మొగుడు వేళ్ళతోసహా పీకుతున్నట్టున్నాడు. మట్టి రాలుతోంది నా ఒళ్ళో. కొడవలి లేదా అతనికి?"

"కొయ్యమని చెబుతాలేమ్మా."

"పెద్ద కణుపుల ఎర్రగడ్డి ఇది. మొన్న ఇచ్చింది చిన్న కణుపులది. రెంటినీ ఒకే చోట రాసుకోవద్దని చెప్పు. కలిపేసుకునే మనిషిలా ఉన్నాడు."

నేనప్పటికే కలిపి రాసుకున్నాను. గుట్టుగా కొట్టేసి మళ్ళీ రాశాను.

ఆవిడ పద్ధతి ఒకటుంది. చేతిలో పరక లేనిదే పేరు చెప్పేది కాదు. లవీనా ఫోనులో రికార్డు చేద్దామని చూస్తే నోరు బిగించేసేది. "పేరు గడ్డికి చెందుతుందే. గడ్డి ఇక్కడ లేకుండా దాని పేరు ఎత్తడం వెనక చాటు మాట్లాడటమే" అంది. ఇంకొకటి, కంకి వేయని గడ్డి ఇస్తే తీసుకునేది కాదు. పసిబిడ్డ ముఖం చూసి ఎవరి పోలికో ఎలా చెప్పను అనేది. కాబట్టి ఏ గడ్డి ఏ నెలలో కంకి వేస్తే అప్పటిదాకా ఆగాల్సిందే. రెండు వేసవులకు ఇరవై నాలుగు పేర్లు వచ్చాయి. చీలిన గడ్డి, గుర్రాల చిగుళ్ళలోనూ మన మేజోళ్ళలోనూ గుచ్చుకునే మిచాపెచ, జడలల్లి పొగ వేసుకునే వచంగ. వచంగ నాకు ముందే తెలుసు. తెలియనట్టు నటించి ఇచ్చాను, అంకె పెరుగుతుందని.

రెండో వేసవి అయ్యేసరికి లవీనా మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు రక్తం కడిగించుకునేది. జనవరికల్లా మనిషి సగమైపోయింది. ఒకరోజు వ్యానులో తిరిగొస్తూ కిటికీలోంచి మంచు కింద ఉన్న ఆ వాలు నేల చూసి, "ఇంకా పదిహేడున్నాయి" అంది.

"నువ్వు లేస్తే అవే అవుతాయి."

"నేను లేవకపోతే?"

నేను ఆమె ఒళ్ళో దుప్పటి సర్దాను.

"మీ ఇద్దరి మధ్యా ఎవరు తిరుగుతారయ్యా? కుక్క ఉందిగా, దాన్ని పెట్టుకోండి" అని తనే నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నవ్వులాటక్కాదు. ఆ పదిహేడూ రాసెయ్. అమ్మ పోతే ఇంక ఎవరూ చెప్పరు, నువ్వు రాసి పెడితే అయినా ఉంటాయి" అంది. ఫిబ్రవరిలో పోయింది.

ఆ తర్వాత మూడు నెలలు రెండు ఇళ్ళ మధ్యా మాట లేదు. పొద్దున్నే కాఫీ, ఎండు మాంసం పులుసు ఆవిడ గడపలో పెట్టి, తలుపు తట్టి వచ్చేసేవాడిని. గిన్నె ఖాళీ అయి మళ్ళీ గడపలో ఉండేది. ఇద్దరం ఒకే మనిషి కోసం ఏడుస్తున్నాం. ముప్ఫై అడుగుల దూరంలో ఎవరి ఏడుపు వాళ్ళది.

మే నెలలో ఒక ఉదయం కాఫీ పెట్టి తిరుగుతుంటే లోపలినుంచి గొంతు వినబడింది.

"జడ్జీ! మీ ఇంటాయన కాఫీలో చక్కెర వెయ్యడం మానేశాడే. డాక్టరు చెప్పాడా, లేక పిసినారితనమా, కనుక్కో."

జడ్జి మా కుక్క. ఇద్దరి మాటా శ్రద్ధగా విని ఏమీ తేల్చదు కాబట్టి లవీనా దానికి ఆ పేరు పెట్టింది. అది గడపలో తోకాడిస్తూ కూర్చుని ఉంది. నేను దానివైపు తిరిగి నిలబడ్డాను. నా గొంతు నాకే వింతగా ఉంది.

"జడ్జీ, డాక్టరే చెప్పాడని చెప్పు. ఇంకోటి, వాలు మీద ఒక గడ్డి కంకి వేసింది, తెచ్చి గడపలో పెట్టమంటారేమో అడుగు."

లోపల మంచం కిర్రుమంది. తర్వాత, "తెస్తే తెమ్మను. నాకేం పనుంది గనక" అంది.

అలా మొదలైంది. నేను పరకను గడపలో పెట్టి గోడ పక్కకు తప్పుకునేవాడిని. ఆవిడ చెయ్యి బయటికొచ్చి దాన్ని తీసుకునేది. పేరు కుక్కకు చెప్పేది. నేను కుక్కను అడిగి రాసుకునేవాడిని. మర్యాదకు లోటు రాలేదు, పని ఆగలేదు. ఒక్కోసారి కుక్క పేరు చెప్పి నన్ను దులిపేసేది. "జడ్జీ, నీ జుట్టు కత్తిరించుకోవే, పెళ్ళాం పోయిన మొగాడిలా తిరుగుతున్నావు" అంది ఒకరోజు. ఆవేళ నేను జుట్టు కత్తిరించుకుని వచ్చాను. మా వాళ్ళలో దుఃఖంలో ఉన్నవాళ్ళు ఎలాగూ కత్తిరించుకోవాల్సిందే, అది గుర్తుచేయడమే ఆవిడ ఉద్దేశం.

ఆగస్టుకు తొమ్మిది పేర్లు. మొత్తం ముప్ఫై మూడు. మిగిలిన ఎనిమిదీ ఆలస్యంగా కంకి వేసేవి. సెప్టెంబరు మొదటి వారంలో వాటన్నిటినీ ఒకే పొద్దున కోసి, వార్తాపత్రికలో చుట్టి ఇంటికి వచ్చేసరికి ఆవిడ గడపలో కాఫీ అలాగే ఉంది. తలుపు తట్టాను. కుక్క చేత మొరిగించాను. చివరికి పక్కింటావిడను లోపలికి పంపితే, ఒళ్ళు పెనంలా కాలుతూ మంచం మీద ఉందంది.

ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు. కుక్కను లోపలికి రానిచ్చేది లేదన్నారు.

లవీనా చెల్లెలు కొరీన్ ర్యాపిడ్ సిటీలో ఉంటుంది. ఫోను చేశాను.

"మధ్యాహ్నం పన్నెండుకల్లా నీ పక్కన ఉంటా బావా. ఈలోగా నర్సులతో సరసాలాడకు" అంది.

"నువ్వు రాకపోతే ఆడక తప్పదు. ఎనిమిది పరకలున్నాయి నా దగ్గర. నువ్వొచ్చి అమ్మ చేతిలో పెట్టాలి."

"ఇంకా ఆ గడ్డేనా? సరే, వస్తున్నా."

ఆవిడ గది బయట, తెరిచిన తలుపు పక్కన, గోడకు వీపు ఆనించి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పరకలు చొక్కా లోపల దాచుకున్నాను. నర్సు పిల్ల ఎవరో పై ఊరి నుంచి వచ్చిన తెల్లమ్మాయి. ఆమెను బతిమాలి చూశాను, ఇవి తీసుకెళ్ళి ఒక్కొక్కటి ఆవిడ చేతిలో పెట్టమని.

"ఊపిరి ఆడని మనిషి దగ్గరికి ఎండుగడ్డా? బాబోయ్, దుమ్మండీ. మీరు బయట పారెయ్యండి ముందు" అంది.

పన్నెండు అయింది. ఒకటి అయింది. కొరీన్ కారు దారిలో ఆగిపోయిందని ఫోను వచ్చింది. ఎవరో సాయం చేస్తున్నారట, వస్తుందట. లోపల ఆవిడ దగ్గుతోంది, ఆగుతోంది, మళ్ళీ దగ్గుతోంది. నేను నేలవైపు చూస్తూ కూర్చున్నాను.

రెండు గంటలప్పుడు లోపలినుంచి ఆ మాట వచ్చింది.

"తకోష్."

అల్లుడూ అని. కుక్కను కాదు, కూతురిని కాదు, నన్ను. ఇరవై ఆరేళ్ళలో ఆ నోటినుంచి నా మీదికి నేరుగా వచ్చిన మొదటి మాట.

"తకోష్, నువ్వక్కడే ఉన్నావని తెలుసు. గడ్డి వాసన వస్తోంది. అవి చివరి పరకలు కదూ? లోపలికి తీసుకురా. నా పక్కన కూర్చో."

గొంతు బలహీనంగా ఉంది గానీ మాట తడబడలేదు. ఇప్పుడు అది ఎంతో స్పష్టంగా గుర్తుంది నాకు. అప్పుడు మాత్రం నా కాళ్ళు నన్ను అడగకుండానే లేచాయి. చెయ్యి టోపీని ముఖం మీదికి లాగింది. చిన్నప్పుడు మా తాత తన అత్తగారి గుడారం ముందునుంచి ఎలా తప్పుకునేవాడో అలాగే తల వంచుకుని నడిచాను. వరండా చివరికి చేరేసరికి వెనకనుంచి ఇంకొకసారి వినబడింది.

"తకోష్?"

నేను ఆగలేదు.

ట్రక్కులో జడ్జి పక్కన కూర్చుని నన్ను నేను సమర్థించుకున్నాను. ఆవిడకు జ్వరం. ఒళ్ళు తెలియక పిలిచింది. ఒళ్ళు తెలియని ముసలావిడ నోరు జారితే, అదే సందని లోపలికి దూరి పేర్లు రాబట్టుకునేవాడు మనిషేనా? రేపు జ్వరం తగ్గాక నాతో మాట్లాడానని గుర్తొస్తే సిగ్గుతో తలెత్తుకోగలదా? నేను ఆవిడ పరువు కాపాడాను. అలా అనుకున్నాను. నిజానికి భయపడ్డాను. ఎదుటి మనిషి ముఖం చూడాల్సి వస్తుందని, ఆ ముఖంలో లవీనా ఉంటుందని భయపడ్డాను. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

నాలుగు కావస్తుండగా కొరీన్ వచ్చింది. చేతులకు గ్రీజు. పరకలు తీసుకుని లోపలికి పరిగెత్తింది. నేను మళ్ళీ తలుపు పక్కన, గోడవైపు తిరిగి నిలబడ్డాను. అప్పటికి ఆవిడ ముఖానికి ఆక్సిజన్ ముసుగు తగిలించారు. నర్సు వద్దంటున్నా వినకుండా కొరీన్ మొదటి పరకను చేతిలో పెట్టింది.

"అమ్మా, ఇదేంటో చెప్పవే. అమ్మా."

ఏమీ వినబడలేదు.

కొరీన్ బయటికొచ్చి చెప్పింది. "పట్టుకుంది బావా. బొటనవేలితో కంకినుంచి కిందిదాకా తడిమింది. కణుపు దగ్గర ఆగింది. పెదాలు కదిలాయి ముసుగులో. ఏమందో తెలీలేదు. తీసి చూద్దామంటే ఆ నర్సు..."

"రెండోది ఇచ్చావా?"

"పట్టుకోలేదు."

మర్నాడు పొద్దున పోయింది.

శవం దగ్గర రెండు రోజుల జాగారం అయ్యాక, వంటగదిలో పెద్ద గిన్నెలోని పులుసు కలుపుతూ కొరీన్ నావైపు చూడకుండా మాట్లాడింది. మామూలుగా నన్ను ఏదో ఒకటి అనకుండా ఉండలేని మనిషి. "జుట్టు ఎలకలు కొట్టేశాయా బావా" అనాలి ఈపాటికి. అనలేదు.

"పోయిన ఆదివారం అమ్మ ఫోను చేసింది. ఒక మాట చెప్పింది."

"ఏం చెప్పింది?"

"ఇంక అతనితో నేనే మాట్లాడతానే అంది. బాగా ఆలోచించుకున్నాను, ఇరవై ఆరేళ్ళు నాకు మర్యాద చేశాడు, అది చాలు, నేను వదిలేస్తున్నాను అంది. కుక్కతో ఎన్నాళ్ళు మాట్లాడతాం, ఆ చివరివి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతా అంది. ముందు నీకు చెప్పి ఉంచమంది. లేకపోతే బెదిరిపోతాడు అంది." గరిటె ఆగిపోయింది. "ఏదో పెద్దతనం మాటల్లే అనుకున్నా. వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నా బావా."

గరిటె తన చేతిలోంచి తీసుకుని పులుసు నేనే కలిపాను. ఆవిడ నన్ను పిలిచిందన్న సంగతి మాత్రం కొరీన్‌కు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. చెబితే తప్పులో సగం తను తీసుకుంటుంది. నాకు అందులో ఇవ్వడానికి ఏమీ లేదు, మొత్తం నాదే.

ముప్ఫై మూడు పేర్లూ శుభ్రంగా రాసి బడిలో ఇచ్చాను. చాలా విలువైనవి అన్నారు. బీరువాలో పెట్టి తాళం వేశారు. లకోటా చెప్పే టీచరు కిందటి ఏడే వెళ్ళిపోయింది. కొత్తవాళ్ళు ఇంకా రాలేదు, వస్తారన్న నమ్మకం వాళ్ళకే లేదు.

ఇంక ఆ వాలు నేల. దానికి తొంభై ఎనిమిది మంది వారసులు. సగానికిపైగా దాన్ని ఎన్నడూ చూసినవాళ్ళు కాదు. ఫిలమీన్ ఉన్నన్నాళ్ళూ ఆవిడ వద్దంటే మిగిలినవాళ్ళు ఊరుకున్నారు. నవంబరులో కాగితాలు తిరిగాయి, చాలామంది సంతకాలు పెట్టారు. పొద్దుతిరుగుడు వేసే రైతు ఎవరో కౌలుకు తీసుకున్నాడు. వచ్చే వసంతంలో దున్నుతాడు. ఆ నేలలో ఏ గడ్డి ఉందో చివరి లెక్క రాసే పని మా ఆఫీసుదే. అంటే నాదే. నలభై ఒక్క వరసలు రాశాను. పక్కన నా చేత్తో గీత గీసి ఒక గడి చేర్చి, ముప్ఫై మూడింటికి పేర్లు రాశాను. ఎనిమిదింటి ముందు ఖాళీ. పై అధికారి చూసి, "ఖాళీ ఎందుకయ్యా, తెలియదు అని రాసెయ్" అన్నాడు. తెలియక కాదు అన్నాను. మరెందుకన్నాడు. గడ్డి పీకేవాడికి ఇంతకన్నా ఎక్కువ తెలియదులెండి అని బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం జడ్జిని తీసుకుని వాలు మీదికి వెళ్ళాను. ఎర్రగడ్డి నిజంగానే ఎర్రగా ఉంది. పెద్ద కణుపులది ఒకవైపు, చిన్న కణుపులది ఇంకోవైపు, ఇప్పుడు చీకట్లో కూడా కలిపేసుకోను. ట్రక్కు ముందు తలుపు తెరిచాను. ఎందుకో అలవాటుగా వెనకవైపు వెళ్ళి నిలబడ్డాను. తర్వాత అక్కడ నిలబడటం నామీద నాకే అసహ్యమేసి, ముందుకు నడిచి వచ్చి, ఖాళీ సీటుకు ఎదురుగా నిలబడ్డాను. టోపీ తీశాను. ఆ ఎనిమిదింటిలో మొదటి పరక, ఆవిడ వేలు కణుపు దగ్గర ఆగిన పరక, జేబులోంచి తీసి సీటు మీద పెట్టాను.

"అత్తగారూ, దీని పేరేంటండీ?" అన్నాను.

జడ్జి నా ముఖంలోకి చూసింది. తర్వాత సీటువైపు చూసింది. ఆ మాట ఎవరికి చేర్చాలో తెలియక మళ్ళీ నావైపే చూస్తూ కూర్చుంది.